షాక్‌వేవ్ చికిత్స: వదలని స్నాయువు నొప్పులకు ధ్వని తరంగాల వైద్యం

కండరాన్ని ఎముకకు కట్టి ఉంచేది స్నాయువు. డాక్టర్లు టెండన్ అంటారు. ఈ స్నాయువుల్లో నెలల తరబడి తగ్గని నొప్పికి, చర్మం పైనుంచి బలమైన ధ్వని తరంగాలు పంపి చేసే వైద్యమే షాక్‌వేవ్ చికిత్స. దీనికి కోత అక్కర్లేదు, ఆసుపత్రిలో పడుకోనక్కర్లేదు. పేరులో షాక్ ఉంది కదా అని చాలామంది భయపడతారు గానీ ఒంట్లోకి కరెంటు ఏమీ వెళ్లదు. వెళ్లేది ఒత్తిడి తరంగం మాత్రమే. మడమ అడుగున నొప్పి, మడమ వెనక అకిలిస్ స్నాయువు నొప్పి, భుజం స్నాయువులో సున్నం పేరుకోవడం, టెన్నిస్ ఎల్బో, తుంటి పక్క నొప్పి, మోకాలి చిప్ప కింది నొప్పి, వీటికి దీన్ని ఎక్కువగా వాడుతున్నారు. అన్నిచోట్లా ఫలితం ఒకేలా ఉండదు. ఒకచోట శస్త్రచికిత్సను తప్పించేంత మేలు చేస్తుంది, మరోచోట తరంగాలు పంపినట్లు నటించే ఉత్తుత్తి చికిత్సకూ దీనికీ తేడా కనిపించదు. రోగికి అన్నిటికంటే ముందు తెలియాల్సింది ఈ తేడాయే.

స్నాయువు ఎందుకు మొండికేస్తుంది

స్నాయువులో ఎక్కువ భాగం కొల్లాజెన్ అనే ప్రోటీన్ పోగులే. ఆరోగ్యంగా ఉన్నప్పుడు ఇవి లాగుడు వచ్చే దిశలో ఒకదాని పక్కన ఒకటి పొందికగా ఉంటాయి. పోగుల మధ్య అక్కడక్కడా టెనోసైట్లు అనే కణాలుంటాయి. పాత పోగులను తీసి కొత్తవి నేసే పని వాటిదే. రక్తనాళాలు తక్కువ కాబట్టి కండరంతో పోలిస్తే స్నాయువు మరమ్మతు చాలా నెమ్మదిగా సాగుతుంది. అలవాటు లేని బరువు ఒక్కసారిగా పడినా, కోలుకునే వ్యవధి లేకుండా రోజూ పడినా మరమ్మతు వెనకబడుతుంది. నడక కూడా సరిగా లేని మనిషి కొత్త సంవత్సరం తీర్మానంతో ఒకేసారి ఐదు కిలోమీటర్లు పరుగెత్తినప్పుడు జరిగేది ఇదే. బట్టల దుకాణంలో పొద్దుటి నుంచి రాత్రి దాకా నిలబడి పనిచేసే అమ్మాయి మడమకు రోజూ జరిగేదీ దాదాపు ఇదే.

ఈ జబ్బును ఒకప్పుడు టెండినైటిస్ అనేవారు, అంటే స్నాయువు వాపు. పాతబడిన నొప్పి ఉన్న స్నాయువు ముక్కలను సూక్ష్మదర్శిని కింద చూసినప్పుడు మాత్రం వాపు కణాలు పెద్దగా కనబడలేదు. కనబడింది చెదిరిపోయిన పోగులు, బలం తక్కువైన మూడో రకం కొల్లాజెన్, ఉండకూడని చోట పుట్టుకొచ్చిన సన్నని రక్తనాళాలు, వాటి వెంట పాకిన నరాల కొసలు. అందుకే ఇప్పుడు టెండినోపతి అంటున్నారు. వాపు తగ్గించే మాత్రలు నాలుగు రోజులు ఉపశమనం ఇచ్చి ఆగిపోవడానికి కారణం ఇక్కడే ఉంది. మధుమేహం, స్థూలకాయం, వయసు ఈ జబ్బుకు దారి వేస్తాయి. సిప్రోఫ్లాక్సాసిన్, లీవోఫ్లాక్సాసిన్ వంటి ఫ్లోరోక్వినోలోన్ యాంటీబయాటిక్స్ స్నాయువులను దెబ్బతీయగలవని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2008లోనే వాటి వివరపత్రాల్లో గట్టి హెచ్చరిక వేయించింది. కొత్తగా మడమ వెనక నొప్పి మొదలైనవారు ఈ మధ్య వాడిన మందుల పేర్లు డాక్టరుకు తప్పక చెప్పాలి.

మన దేశంలో టెన్నిస్ ఎల్బో అన్న మాట ఇంటింటికీ చేరింది 2004లో, సచిన్ టెండూల్కర్ మోచేతి నొప్పితో ఆటకు దూరమైనప్పుడు. మరుసటి ఏడాది ఆయన లండన్‌లో శస్త్రచికిత్స చేయించుకోవలసి వచ్చింది. మంచి వైద్యులూ వసతులూ అందుబాటులో ఉన్న క్రీడాకారుణ్ణే అంతగా సతాయించిన జబ్బు ఇది. మామూలు మనుషులు దీనితో విసిగిపోయి ఏ కొత్త యంత్రం వచ్చినా ఆశపడటంలో వింత లేదు.

విమానాల నుంచి కిడ్నీ రాళ్లకు, రాళ్ల నుంచి స్నాయువులకు

ఈ చికిత్స పుట్టుక వైద్యశాలలో జరగలేదు. జర్మనీలో ఫ్రీడ్రిక్స్‌హాఫెన్ కేంద్రంగా పనిచేసిన డోర్నియర్ విమాన సంస్థ, ధ్వనిని మించిన వేగంతో ఎగిరే విమానాలకు వాన చినుకులు తగిలినప్పుడు లోహం ఎలా దెబ్బతింటుందో పరిశీలించేది. దెబ్బ తగిలిన చోటే కాకుండా, అక్కడి నుంచి లోపలికి సాగిన తరంగం దూరంగా కూడా హాని చేస్తోందని తేలింది. 1966లో ఒక ప్రయోగంలో తూటా లక్ష్యాన్ని తాకే క్షణాన ఆ లక్ష్యాన్ని చేత్తో తాకి ఉన్న ఉద్యోగికి కరెంటు తగిలినట్లు అనిపించిందనీ, తీరా చూస్తే అక్కడ కరెంటే లేదనీ ఈ రంగంలో చెప్పుకుంటారు. చర్మానికి గాయం చేయకుండా ఒంట్లోకి వెళ్లగల ఈ శక్తితో మూత్రపిండాల్లోని రాళ్లను పగలగొట్టవచ్చునా అన్న ఆలోచన అక్కడి నుంచే సాగింది.

1980 ఫిబ్రవరి 7న మ్యూనిక్‌లో క్రిస్టియన్ షౌసీ బృందం మొదటి కిడ్నీ రాళ్ల రోగికి ఈ పద్ధతిలో చికిత్స చేసింది. ఆ యంత్రం పేరు హెచ్‌ఎం1. రోగిని నీళ్ల తొట్టిలో పడుకోబెట్టి తరంగాలను పంపేవారు. 1984లో ఎఫ్‌డీఏ ఆమోదం దొరికాక ఆ విధానం ప్రపంచమంతా పాకింది. లిథోట్రిప్సీ పేరుతో మన పట్టణాల్లోనూ ఎందరినో కత్తి నుంచి కాపాడింది.

తరంగం దారిలో ఎముక అడ్డం వస్తే దానికి హాని జరుగుతుందేమో అన్న సందేహంతో చేసిన జంతు ప్రయోగాలు ఇంకో తలుపు తెరిచాయి. ఎముక దెబ్బతినడం అటుంచి, కొత్త ఎముకను కట్టే కణాలు చురుకెక్కినట్లు కనిపించింది. 1991లో బల్గేరియాకు చెందిన వాల్చానూ, మిఖాయిలోవ్ అనే వైద్యులు ఎంతకీ అతకని విరుగుళ్లకు ఈ తరంగాలు వాడి, 82 మందిలో 70 మందికి ఎముక అతికిందని ప్రకటించారు. ఆ తర్వాత జర్మన్ వైద్యులు భుజంలోని సున్నపు గడ్డల మీద, మడమ మీద, మోచేతి మీద ప్రయత్నించారు. మడమ నొప్పికి 2000లో, టెన్నిస్ ఎల్బోకు 2003లో స్విస్ తయారీ ఆసాట్రాన్ యంత్రానికి ఎఫ్‌డీఏ అనుమతి వచ్చింది.

రెండు రకాల యంత్రాలు

రోగులకు ఎవరూ విడమరిచి చెప్పని విషయం ఒకటుంది. షాక్‌వేవ్ అనే ఒకే పేరు కింద రెండు వేర్వేరు పరికరాలు నడుస్తున్నాయి.

మొదటిది ఫోకస్డ్ రకం. నీటిలో మెరుపు పుట్టించి గానీ, విద్యుదయస్కాంత తీగచుట్టతో గానీ, పీజో స్ఫటికాలతో గానీ ఇందులో తరంగాన్ని పుట్టిస్తారు. భూతద్దం ఎండను ఒక్క చుక్క మీదికి చేర్చినట్లు ఈ యంత్రం తరంగాలన్నిటినీ ఒంటి లోపల ఒక బిందువు దగ్గర కలుపుతుంది. కొన్ని నానోసెకన్లలోనే ఒత్తిడి పదుల మెగాపాస్కళ్లకు ఎగసి, వెంటనే సున్నా కంటే కిందికి పడిపోతుంది. అలా పడినప్పుడు కణజాలంలోని ద్రవంలో సన్నని బుడగలు పుట్టి పేలుతాయి. అసలైన షాక్‌వేవ్ అంటే ఇదే.

రెండోది రేడియల్ రకం. ఇది 1990ల చివర్లో వచ్చింది. చేతిపిడి లోపల గాలి ఒత్తిడితో ఒక చిన్న లోహపు దిమ్మె దూసుకొచ్చి, చర్మానికి ఆనించిన మూతిని కొడుతుంది. అక్కడ పుట్టిన ఒత్తిడి చుట్టూ విస్తరిస్తూ లోపలికి పోయేకొద్దీ సన్నగిల్లుతుంది. బలం అంతా చర్మం దగ్గరే ఉంటుంది, మూడు సెంటీమీటర్ల లోతు దాటితే దాని పని పెద్దగా ఉండదు. భౌతిక శాస్త్రం ప్రకారం ఇది షాక్‌వేవ్ కాదు, ఒత్తిడి తరంగం. అయినంత మాత్రాన పనికిరానిది కాదు. చర్మానికి దగ్గరగా ఉండే మడమ, అకిలిస్ వంటి చోట్ల దీనితోనూ మంచి ఫలితాలు నమోదయ్యాయి. ధర తక్కువ, వాడటం తేలిక కాబట్టి ఫిజియోథెరపీ క్లినిక్కుల్లో కనబడేవి ఎక్కువగా ఇవే. భుజం లోతులో ఉన్న సున్నపు గడ్డకు మాత్రం ఫోకస్డ్ యంత్రమే సరైనది.

మోతాదును చదరపు మిల్లీమీటరుకు ఎన్ని మిల్లీజౌళ్లు అని కొలుస్తారు. 0.08 లోపు తక్కువ, 0.28 దాటితే ఎక్కువ అన్నది వాడుకలో ఉన్న ఒక విభజన. కుందేళ్ల అకిలిస్ మీద జర్మన్ వైద్యుడు యాన్ రోంపే చేసిన ప్రయోగంలో 0.60 మోతాదు స్నాయువుకే హాని చేసింది. ఎంత గట్టిగా కొడితే అంత మేలు అనుకోవడం తప్పు.

తరంగం తగిలాక

తరంగం స్నాయువును పగలగొట్టదు, నొప్పిని తుడిచిపెట్టదు. అది అక్కడి కణాలను కదిలిస్తుంది. కణాలు యాంత్రికమైన కుదుపును రసాయన సంకేతంగా మార్చుకుంటాయి. తైవాన్‌లో వాంగ్ చింగ్-జెన్ బృందం కుందేళ్ల మీద చేసిన పరిశోధనల్లో, తరంగాలు తగిలిన తర్వాత స్నాయువు ఎముకకు అతికే చోట కొత్త రక్తనాళాలు పెరగడం, వాటిని పెంచే వీఈజీఎఫ్ వంటి ప్రోటీన్లు ఎక్కువవడం కనిపించింది. నొప్పి సంకేతాన్ని మోసే సన్నని నరాల కొసలు తాత్కాలికంగా తగ్గడం, సబ్‌స్టెన్స్-పీ అనే నొప్పి రసాయనం తగ్గడం కూడా జంతువుల్లో చూశారు. ఈ వివరణల్లో చాలా భాగం ప్రయోగశాల నుంచి వచ్చింది. మనిషి స్నాయువులో ఇవన్నీ ఇదే వరుసలో జరుగుతాయని అనేయడం తొందరపాటు. అయితే ఒక అనుభవం మాత్రం వీటితో సరిపోతుంది. మేలు అదే రోజు కనబడదు, ఆరు నుంచి పన్నెండు వారాల్లో మెల్లగా తెలుస్తుంది.

మడమ నొప్పితో వచ్చినవారికి ఎక్స్‌రే తీసి "ఎముక పెరిగింది" అని చెప్పడం మన దగ్గర పరిపాటి. ఆ ముల్లులాంటి ఎముకను తరంగాలు కరిగిస్తాయని కొందరు ఆశపడతారు. అది కరగదు, కరగవలసిన అవసరమూ లేదు. నొప్పి లేని ఎంతోమంది మడమల్లోనూ అలాంటి ముల్లు ఉంటుంది. బాధంతా అరికాలి పట్టీ అయిన ప్లాంటార్ ఫేషియా మడమకు అంటుకునే చోట ఉంటుంది. ఈ పట్టీ స్నాయువు కాకపోయినా దానిలో జరిగే క్షయం స్నాయువుల్లో జరిగేలాంటిదే కనుక రెంటినీ కలిపే చూస్తారు.

పరీక్షలు ఏం చెప్పాయి

ఈ చికిత్స మీద జరిగినన్ని పోలిక పరీక్షలు ఫిజియోథెరపీలో చాలా పద్ధతులకు జరగలేదు. అందుకు ఈ రంగంలోని పరిశోధకులను మెచ్చుకోవాలి. ఫలితాలు మాత్రం ఒకదానితో ఒకటి తగాదా పడ్డాయి.

మడమ నొప్పి కథే చూడండి. 2002లో ఆస్ట్రేలియాలో రేచెల్ బుక్‌బైండర్ బృందం 166 మందిపై పరీక్షించి, ఉత్తుత్తి చికిత్స కంటే మేలేమీ లేదని తేల్చింది. 2003లో జర్మనీలో 272 మందిపై జరిగిన పరీక్షలో పన్నెండు వారాలకు తరంగాలు తీసుకున్నవారిలో 34 శాతం, ఉత్తుత్తిగా చేయించుకున్నవారిలో 30 శాతం బాగుపడ్డారు. అక్కడితో ఈ వైద్యం పని అయిపోయిందని చాలామంది అనుకున్నారు. కానీ జర్మనీ పరీక్షలో ముందే మత్తు సూది ఇచ్చారు. మత్తు ఇస్తే అసలు నొప్పి ఎక్కడుందో రోగి చెప్పలేడు, తరంగం గురి తప్పుతుంది. మత్తు వల్ల తరంగాల ప్రభావమే తగ్గుతుందని తర్వాతి పరిశోధనలు సూచించాయి. 2015లో గోల్‌విట్జర్ బృందం 250 మందిపై చేసిన పరీక్షలో మడమ నొప్పి తరంగాలతో 69.2 శాతం తగ్గితే ఉత్తుత్తి చికిత్సతో 34.5 శాతం తగ్గింది. ఈ రెండో అంకెను కూడా గుర్తుంచుకోవాలి. ఏ తరంగమూ లేకుండానే మూడో వంతు నొప్పి తగ్గిందంటే, కాలమూ నమ్మకమూ చేసే పని చిన్నది కాదు.

భుజంలో సున్నం పేరుకున్నవారికి సాక్ష్యం కొంత గట్టిగా ఉంది. 2003లో గెర్డెస్‌మేయర్ బృందం 144 మందిని మూడు జట్లుగా చేసి ఆరు నెలల తర్వాత చూసింది. భుజం పనితీరును కొలిచే స్కోరు ఎక్కువ మోతాదు జట్టులో 31 పాయింట్లు, తక్కువ మోతాదులో 15, ఉత్తుత్తి చికిత్సలో 6.6 పెరిగింది. ఇక్కడ మోతాదే ఫలితాన్ని నిర్ణయించింది. సున్నం లేని మామూలు భుజం నొప్పికి ఇలాంటి లాభం కనబడలేదు. అంతేకాదు, 2020లో కాక్రేన్ సంస్థ 32 పరీక్షలను, 2,281 మందిని కలిపి సమీక్షించినప్పుడు, సున్నం ఉన్నా లేకున్నా రోగికి స్పష్టంగా తెలిసేంత మేలు చాలా తక్కువేనంది. నా ఉద్దేశంలో వేర్వేరు మోతాదులను, వేర్వేరు యంత్రాలను ఒకే గంపలో వేసి సగటు తీసినందువల్ల ఆ తీర్పు కొంత కఠినంగా వచ్చింది. అయినా అమ్మేవాళ్లు చెప్పే 90 శాతం విజయాలకు అది సరైన కళ్లెం.

టెన్నిస్ ఎల్బో విషయంలో వాదనకు అంత చోటు లేదు. 2005 నాటి కాక్రేన్ సమీక్ష తొమ్మిది పరీక్షలు, 1,006 మందిని చూసి మేలు లేదన్నంత తక్కువ అని చెప్పింది. మోకాలి చిప్ప కింది నొప్పికి కూడా అంతే. నెదర్లాండ్స్‌లో వాలీబాల్, బాస్కెట్‌బాల్, హ్యాండ్‌బాల్ ఆడే 62 మందిపై 2011లో వెలువడిన పరీక్షలో, సీజన్ మధ్యలో ఆటలాడుతూనే తీసుకున్నవారికి ఏ లాభమూ రాలేదు. స్నాయువుకు విశ్రాంతి ఇవ్వకుండా రోజూ గెంతుతుంటే తరంగాలు చేయగలిగింది ఏమీ లేదన్నమాట.

అకిలిస్ మీద రోంపే చేసిన మూడు పరీక్షలు నాకు అన్నిటికంటే ఉపయోగకరంగా తోస్తాయి. స్నాయువు నడుమ నొప్పి ఉన్న 75 మందిలో, మడమను మెల్లగా కిందికి దించే ఎక్సెంట్రిక్ వ్యాయామంతో 60 శాతం, తరంగాలతో 52 శాతం, ఏమీ చేయకుండా వేచి చూసినవారిలో 24 శాతం బాగుపడ్డారు. అంటే ఖర్చు లేని వ్యాయామం, ఖరీదైన యంత్రం దాదాపు సమానం. రెంటినీ కలిపి చేసిన మరో పరీక్షలో వ్యాయామం ఒక్కటే చేసినవారికి 56 శాతం, కలిపి చేసినవారికి 82 శాతం ఫలితం వచ్చింది. స్నాయువు మడమ ఎముకకు అంటుకునే చోటే నొప్పి ఉన్న 50 మందిలో మాత్రం వ్యాయామం కంటే తరంగాలదే పైచేయి, 64 శాతానికి 28. ఒకే స్నాయువులో రెండు అంగుళాల తేడాతో చికిత్స మారిపోతోంది. రోగ నిర్ధారణ ఎంత జాగ్రత్తగా జరగాలో దీన్నిబట్టే తెలుస్తుంది.

తుంటి పక్క నొప్పి మీద 2009లో వెలువడిన పరీక్షలో 229 మంది ఉన్నారు. నెల తర్వాత స్టిరాయిడ్ సూది వేయించుకున్నవారిలో 75 శాతం, తరంగాలు తీసుకున్నవారిలో 13 శాతం, ఇంట్లో వ్యాయామం చేసినవారిలో 7 శాతం బాగున్నామన్నారు. పదిహేను నెలలకు లెక్క తిరగబడింది. వ్యాయామం 80, తరంగాలు 74, సూది 48 శాతం. రేపటికల్లా తగ్గిపోవాలనే మన తొందరే సూదిని అంత జనరంజకం చేసిందని చెప్పక తప్పదు.

చికిత్స గదిలో

నొప్పి స్థానాన్ని వేలితో నొక్కి, అవసరమైతే అల్ట్రాసౌండ్‌తో గుర్తిస్తారు. జెల్ రాసి పరికరాన్ని ఆనిస్తారు. గాలి పొర అడ్డుంటే తరంగం లోపలికి పోదు కాబట్టి జెల్ తప్పనిసరి. ఒక్కో విడతలో సాధారణంగా 1,500 నుంచి 3,000 దెబ్బలు, వారానికోసారి, మూడు నుంచి ఐదు విడతలు. ఒక్కో విడతకు పావుగంట చాలు. నొప్పి పుడుతుంది, కానీ ఓర్చుకోగలిగేంతే. తర్వాత చర్మం ఎర్రబడటం, కమిలిపోవడం, ఒకట్రెండు రోజులు నొప్పి పెరగడం మామూలే. వాపు తగ్గించే మాత్రలు ఆ రోజుల్లో మానమని చాలామంది వైద్యులు చెబుతారు. నొప్పి తగ్గిందని మర్నాడే పరుగు పెట్టకూడదు.

చికిత్స చేసే చోట కేన్సర్ గడ్డ ఉన్నవారికి, గర్భిణులకు పొట్ట, నడుము ప్రాంతాల్లో దీన్ని చేయరు. ఎక్కువ మోతాదు తరంగాలను ఊపిరితిత్తుల మీదికి, మెదడు, వెన్నుపాము మీదికి, పిల్లల్లో ఎముక పెరిగే చోట్ల మీదికి పంపకూడదు. రక్తం గడ్డకట్టని జబ్బు ఉన్నవారు, రక్తం పలచబరిచే మందులు వాడేవారు ముందే చెప్పాలి. స్టిరాయిడ్ సూది వేయించుకుంటే కొన్ని వారాలు ఆగాలి. తెగిపోయిన స్నాయువును ఈ తరంగాలు అతికించలేవు. మడమ వెనక ఎవరో తన్నినట్లు అనిపించి, మునివేళ్ల మీద లేవలేకపోతే నేరుగా ఎముకల డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

పందెపు గుర్రాల స్నాయువులకు కూడా ఇదే వైద్యం చేస్తారు. తరంగాల తర్వాత కొంతకాలం నొప్పి తెలియని గుర్రం గాయాన్ని మరింత పెంచుకుంటుందన్న భయంతో, పోటీకి ముందు కొన్ని రోజులు దీన్ని నిషేధించిన సంస్థలున్నాయి. ఆటల పోటీల కోసం పిల్లలను తయారుచేసే కోచ్‌లు, తల్లిదండ్రులు ఈ జాగ్రత్తను మనుషులకూ వర్తింపజేసుకోవాలి.

అన్నీ చూశాక నా నిర్ణయం ఇది. మడమ అడుగు నొప్పి, అకిలిస్ నొప్పి, భుజంలో సున్నం, తుంటి పక్క నొప్పి, ఈ నాలుగింటికీ షాక్‌వేవ్‌ను ప్రయత్నించడానికి తగిన ఆధారముంది. టెన్నిస్ ఎల్బోకు, సున్నం లేని భుజం నొప్పికి లేదు. ఎక్కడైనా సరే అది మొదటి చికిత్స కాదు. పాఠకులకు నా మనవి ఒక్కటే: సరైన ఫిజియోథెరపిస్టు నేర్పిన వ్యాయామాన్ని మూడు నెలలు వదలకుండా చేయండి. అప్పటికీ తగ్గకపోతే షాక్‌వేవ్‌కు వెళ్లండి, యంత్రం ఫోకస్డా రేడియలా అని అడగండి, ఎన్ని విడతలో ముందే తేల్చుకోండి. వ్యాయామం మానేయవచ్చు, మా యంత్రం చాలు అని ఎవరైనా అంటే అక్కడ చికిత్స చేయించుకోకండి.